దివాతలు – గ్రామదేవతలు

(బేర్ సరాయిలో జరిగిన మన సాంస్కృతిక సంఘ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఫిలిప్పీను దీవుల పూర్వదేవతలను గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు నన్ను కోరిన దినముననే మన సభ్యులలో ఒక పెద్ద, "మన పోలేరమ్మ సంగతియే మన పిల్లలకు తెలియదు గదా, ఎక్కడి దీవులో ఎక్కడి వేల్పులో మనకేల నాయనా?" అని అడిగిరి. ఆ ప్రశ్న నాకు మిక్కిలి నచ్చినది. ఈ సాయంకాలము నేను చెప్పబోవునదంతయు ఆ ప్రశ్నకు సమాధానమే. ఆ దీవుల వేల్పులకు పట్టిన గతిని చూచి వచ్చినచో, మన పోలేరమ్మ వంక తిరిగి చూచునప్పుడు మనకు మరికొంత కనబడునని నా నమ్మకము.

ఫిలిప్పీను దేశము 7,641 దీవుల సముదాయము. 1521లో మాగెల్లను అను నావికుడు స్పెయిను రాజు పక్షమున ఆ దీవులను చేరి అచ్చటనే యుద్ధములో మరణించెను. 1565లో లెగాస్పి అను సేనాని సెబూ దీవిలో దిగి స్పెయిను పాలనకు పునాది వేసెను. 1571లో మనీలా రాజధాని అయినది. ఆ పాలన 1898 వరకు సాగినది. దేశమునకు ఇప్పుడున్న పేరు సైతము స్పెయిను రాజైన రెండవ ఫిలిప్పునుండి వచ్చినదే. అంతకు పూర్వము అచ్చటి జనులు తమ వేల్పులను రెండు పేర్లతో పిలిచెడివారు. ఉత్తరమున లూజాను దీవిలో 'అనితో' అనిరి. నడిమి దీవులలోని విసయులును దక్షిణాదివారును 'దివాత' అనిరి. ఈ రెండవ మాట చెవిని బడగానే మీ ముఖములపై చిరునవ్వు కనబడుచున్నది. ఔను, అది మన 'దేవత'యే. జావా, మలయ దేశముల మీదుగా సముద్రమును దాటిపోయిన సంస్కృత శబ్దము.

అట్టి మాటలు అచ్చట అనేకములు. తగలోగు భాషలో ఉపాధ్యాయుడు 'గురో', ముఖము 'ముఖా', బీదవాడు 'దుఖా'. జాతికి 'బన్సా' అందురు, అది మన 'వంశము'. తగలోగుల పరమదైవము పేరు 'బథాల'. సంస్కృతములోని 'భట్టార' శబ్దమే ఇట్లు మారినదని భాషావేత్తలు చెప్పుదురు. వేంగీ చాళుక్యుల శాసనములలో 'పరమభట్టారక' బిరుదమును చదివిన మన చరిత్రాభిమానులకు ఈ పేరు పరాయిదిగా తోచదు.

1989లో లగూనా సరస్సు ప్రాంతమున నదిలో ఇసుక తీయువారికి ఒక రాగిరేకు దొరకినది. దానిపై నున్న కాలము చదివినచో మన యింటి గోడమీది పంచాంగము చదివినట్లే యుండును: శకవర్షము 822, వైశాఖ మాసము, కృష్ణపక్ష చతుర్థి, సోమవారము. అనగా క్రీస్తు శకము 900. ఆనాడు వేంగీ సింహాసనముపై చాళుక్య భీముడు ఉండెను. ఇంతకును ఆ రాగిరేకులోని విషయము రాజుల దిగ్విజయము గాదు, దేవాలయమునకు దానము గాదు. నమ్వరన్ అను ఒకానొకని బంగారు ఋణము, ఒక కాటి ఎనిమిది సువర్ణములు, తీరిపోయినదనియు, అతని సంతానము ఆ బాధ్యతనుండి విముక్తులైరనియు వ్రాసియిచ్చిన పత్రము. ప్రభుత్వ కార్యాలయములలో పనిచేయు మనకు ఇంతకంటె ఆత్మీయమైన శాసనము మరియొకటి దొరకదేమో! 'బాకీ లేదు' అను ధ్రువపత్రము వేయి సంవత్సరములకు పైగా చెక్కుచెదరక నిలిచినది.

1917లో మిందనావో దీవియందలి అగూసన్ నదీ ప్రాంతమున దొరకిన బంగారు స్త్రీమూర్తి ఒకటి ఇప్పుడు షికాగోలోని ఫీల్డ్ మ్యూజియములో నున్నది. అది బౌద్ధ తారాదేవియని పలువురి అభిప్రాయము.

ఇంతమాత్రము చేత ఆ దీవుల మతము మనము పంపినదేయని మురిసిపోవుట తగదు. మన సభలలో ఇట్టి మాటలు తరచుగా వినబడుచుండును గనుక చెప్పుచున్నాను. మాట వెళ్లిన చోటికెల్ల దేవుడును వెళ్లినాడని అనుకొనరాదు. పేరు మనవైపునుండి పోయియుండవచ్చును; వేల్పు మాత్రము వారి కొండలలో, వారి వరిమళ్లలో, వారి సముద్రములో పుట్టినది.

ఆ వేల్పులను గూర్చి మనకు తెలియుట ఎట్లు? 1582లో లోఆర్కా అను స్పెయిను దేశీయుడు విసయుల విశ్వాసములను వ్రాసెను. 1589లో ప్లాసెన్సియా అను సన్యాసి తగలోగుల ఆచారములను వ్రాసెను. సుమారు 1590లో రంగుల చిత్రములతో కూర్పబడిన వ్రాతప్రతి యొకటి కలదు; దానిని ఇప్పుడు 'బాక్సర్ కోడెక్సు' అని వ్యవహరింతురు. వీరిలో ఎవరును ఆ వేల్పులకు భక్తులు గారు. సన్యాసుల ఉద్దేశము ఆ పూజలను నిర్మూలించుటయే. ఏ కలుపును పెరుకవలెనో తెలిసికొనుటకు దాని ఆకులను వర్ణించినట్లు వారు వర్ణించిరి. చిత్రమేమనగా, ఈనాడు ఫిలిప్పీను యువకులు తమ పూర్వదేవతల పేర్లను వెదకుచు మొదట ఆశ్రయించునది ఆ వ్రాతలనే.

లోఆర్కా వ్రాసిన సృష్టికథ మనోహరముగా నుండును. కప్తాన్ అను దేవుడు ఒక వెదురువంటి రెల్లుకాడను నాటెను. అది పెరిగి రెండు కణుపులుగా చీలెను. ఒకదానినుండి పురుషుడును, మరియొకదానినుండి స్త్రీయు వెడలిరి. ఒకే కాడనుండి పుట్టినవారు గనుక తాము తోబుట్టువులమనియు, వివాహమాడరాదనియు స్త్రీ సందేహించెను. అప్పుడు వారు సముద్రములోని చేపలను అడిగిరి, ఆకాశమందలి పావురములను అడిగిరి, చివరకు భూకంపమును అడిగిరి. లోకము నిండవలెను గనుక పెండ్లియాడుడని భూకంపము తీర్పు చెప్పెను. మేనరికములు, గోత్రములు లెక్కించు మనవారికి ఈ ధర్మసందేహము సులభముగా అర్థమగును. కాని భూకంపమును పెద్దమనిషిగా కూర్చుండబెట్టిన జనులు ఎట్టి నేలమీద బ్రదుకుచుండిరో గమనింపుడు!

ఆ వేల్పుల స్వభావమంతయు ఆ నేలనుండియే వచ్చినది. లలహోన్ అను దేవత నేగ్రోసు దీవియందలి అగ్నిపర్వతములో నివసించెడిది. పంటలు ఈయవలెనని ఆమెను ప్రార్థించెడివారు. ఆమెకు ఆగ్రహము కలిగిన మిడుతల దండును పంపెడిది. సిదపా అను వేల్పునకు కొండమీద ఒక మహావృక్షము కలదు. పుట్టిన ప్రతి శిశువు ఆయుర్దాయమును ఆతడు ఆ చెట్టుపై గీతగా గీయును. మనిషి ఎత్తు ఆ గీతను అందుకొన్న నాడు వాని కాలము తీరినట్లే. తగలోగులకు పంటపొలముల దేవతలుగా లకపతి, ఇదియనలె అనువారు ఉండిరి. లకపతి ప్రతిమ స్త్రీపురుష లక్షణములు రెండింటితో కూడియుండెనని చెప్పుదురు. దియన్ మసలంత ప్రేమికులను కాపాడు దేవత. వేగుచుక్కకు 'తాల' అని పేరు పెట్టి కొలిచిరి. ప్రయాణమునకు బయలుదేరునప్పుడు 'తిగ్మమనుకన్' అను పక్షి శకునము చూచెడివారు. దసరానాడు పాలపిట్టను చూచి రావలెనని పొలిమేర దాటి పోయిన మన తాతల సంగతి ఇచ్చట గుర్తుకు వచ్చును. మొసలిని వారు 'నోనో' అని పిలిచిరి. ఆ మాటకు తాత యని అర్థము. మనము నాగులచవితినాడు పాలుపోయుచు పామును 'నాగన్నా' అని పిలిచినట్లే, భయపడవలసినదానికి బంధుత్వము కలిపి శాంతింపజేయుట ఆ జనులకును తెలియును. మన గ్రామదేవతల పేర్లలో 'అమ్మ' అని చేరనిది ఎన్ని? ఆ పిలుపులో ప్రేమ ఎంత ఉన్నదో, బతిమాలుట అంత ఉన్నది.

ఒక జాగ్రత్త చెప్పవలెను. ఈ వేల్పుల పేర్లతో పెద్ద వంశవృక్షములు నేడు అనేక పుస్తకములలో కనబడుచున్నవి. బథాలకు ఇందరు కుమార్తెలు, వారిలో ఈమె చంద్రుడు, ఈమె నక్షత్రము అని చక్కగా వరుసలు కట్టియుండును. వానిలో పదహారవ శతాబ్ది వ్రాతలలో నున్న అంశములకు ఇరువదవ శతాబ్దిలో సేకరించిన కథలును, కూర్పరుల అల్లికలును కలిసియున్నవి. ఆ దేశమున ఒకే మతము, ఒకే దేవసభ ఎన్నడును లేదు. ఒక్క ఇఫుగావో కొండజాతివారికే వేయికి పైగా వేల్పులు కలరని బార్టన్ అను అమెరికను పండితుడు 1946లో ప్రకటించిన గ్రంథములో లెక్కించెను. వారు కొండలను మెట్లుగా చెక్కి వరి పండించువారు. ధాన్యపు కొట్టులో 'బులుల్' అను కొయ్యబొమ్మల జంటను కావలి పెట్టుదురు. మన తెలుగునాటను అంతే గదా! పోలేరమ్మ, పోచమ్మ, ఎల్లమ్మ, మైసమ్మ, అంకమ్మ, గంగమ్మ, మరిడమ్మ, నూకాలమ్మ, ముత్యాలమ్మ, పెద్దమ్మ. ఏ ఊరి అమ్మ ఆ ఊరికే అమ్మ. ఆ ఊరి పొలిమేర దాటినచో ఆమె అధికారము చెల్లదు. వీరినందరిని ఒక పటము క్రింద చేర్చి అక్కచెల్లెండ్ర లెక్క వ్రాయవలెనని మనకును తొందర కలుగును. నూటొక్క అక్కచెల్లెండ్రు అని పల్లెవారు సులువుగా చెప్పివేసి ఊరకుందురు, వారిదే మేలు.

ఇక పూజారుల సంగతి. ఇచ్చటనే నా ప్రసంగమునకు ముఖ్యమైన విషయము కలదు.

ఫిలిప్పీనులో వేల్పునకు మనుష్యునకు నడుమ నిలిచినవారు ఎక్కువగా వయసు చెల్లిన స్త్రీలు. విసయులలో వారిని 'బబయ్లాన్' అనియు, తగలోగులలో 'కతలోనన్' అనియు పిలిచిరి. పురుషులు ఈ వృత్తిలో ప్రవేశించినప్పుడు స్త్రీవేషము ధరించి స్త్రీలవలె మెలగెడివారు. రోగమును కుదుర్చుట, పంటకు ముహూర్తము చెప్పుట, చనిపోయినవారిని సాగనంపుట, పూనకములో వేల్పు మాటను పలుకుట వీరి పని. వీరికి గ్రంథములు లేవు. ఉన్నదంతయు కంఠములోనిదే. సన్యాసులు విగ్రహములను తగులబెట్టినప్పుడు క్రొత్త విగ్రహములు చెక్కుకొనుటకు వీలుండెను. కాని బబయ్లానును పల్లె విడిపించి, ఆమె మాటను దయ్యపు మాటయని పిల్లలకు నేర్పిన పిదప, ఆమె పాట ఆమెతో పోయినది. కొందరు ఎదిరించిరి. 1621లో బొహోల్ దీవిలో తంబ్లోత్ అను పూజారి పూర్వదేవతల పేర తిరుగుబాటు నడపెను. స్పెయిను సైనికులు దానిని అణచివేసిరి. మరుసటి సంవత్సరము లేతే దీవిలో బంకవ్ అను వృద్ధ నాయకుడు తిరుగబడెను. అదియు ముగిసినది.

మన దేశమున అట్టి బలవంతము జరుగలేదు గనుక మన వేల్పులు సురక్షితముగా నున్నారని అనుకొనవచ్చునా? తిరుపతి గంగమ్మ జాతరను చూచినవారు ఈ సభలో ఉందురు. పాలెగాని ఆగడములను అణచుటకు గంగమ్మ వేషములు మార్చుచు వెదకినదని కథ. ఆ వారము దినములు పురుషులు చీరలు కట్టి, కొప్పులు పెట్టి, గాజులు తొడిగికొని వీథులలో తిరుగుదురు. సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి బోనాలలో పచ్చికుండపై నిలిచి ఒక స్త్రీ 'రంగము' చెప్పును. వానలను గూర్చియు, రోగములను గూర్చియు ఆమె పలుకు మాటను ప్రభుత్వాధికారులు సైతము నిలువబడి విందురు. బబయ్లాను చేసిన పని ఇదియే గదా. కాని జాతర జనముతో నిండినంత మాత్రమున కథ బ్రదికియున్నట్లు గాదు. జమిడిక వాయించుచు ఎల్లమ్మ కథను రాత్రులకు రాత్రులు చెప్పు బైండ్లవారు, పంబ వాయించు పంబలవారు, రాయలసీమలోని ఆసాదులు, వీరి యిండ్లలో ఆ కథను ఆద్యంతము చెప్పగల పెద్దలు తగ్గిపోవుచున్నారు. ధ్వనివర్ధకములో సినిమా బాణీ పాట మ్రోగుచుండగా వారిని గుడి ప్రక్కన కూర్చుండబెట్టి, ఇరువది నిమిషములలో ముగింపుమని చెప్పు జాతరలు ఉన్నవి. స్పెయిను సన్యాసి అవసరము మనకు లేదు. ఆ పని మనమే చేసికొనుచున్నాము.

మన గ్రామదేవతలను గూర్చి మొట్టమొదట విపులముగా వ్రాసినవారు ఎవరో స్మరింపుడు. నెల్లూరు సీమ ప్రాంతమున పనిచేసిన అమెరికను మిషనరీ ఎల్మోర్ 1915లో ఒక గ్రంథము ప్రకటించెను. మద్రాసు బిషప్పుగా నుండిన వైట్‌హెడ్ 1916లో దక్షిణ భారత గ్రామదేవతలను గూర్చి మరియొక గ్రంథము ప్రకటించెను. వారి తీర్పులు మనకు సమ్మతములు గాకపోవచ్చును. కాని ఏ అమ్మకు ఏ బలి, ఏ కులమువాడు ఏ పని చేయును, దున్నపోతును ఎప్పుడు వదలుదురు, పొలి ఎట్లు చల్లుదురు అను వివరములు వారు నిలిచి, అడిగి, వ్రాసికొనిరి. అదే కాలమున మన పండితులు ప్రబంధములలోని అలంకారములను గూర్చి వాదించుకొనుచుండిరి. లోఆర్కా పుస్తకము చదివి నవ్వుటకు మనకు అధికారము కొంచెమే.

దేవతలు నశించుటకు బదులు పేరు మార్చుకొని బ్రదుకుటయు కలదు. మనీలాకు దక్షిణమున మకిలింగ్ అను కొండ కలదు. ఆ కొండ దివాతకు నేటి పేరు మరియా మకిలింగ్. కన్య మరియమ్మ పేరు ఆమె పేరునకు ముందు వచ్చి కూర్చున్నది. ఆమె పేదల పెండ్లిండ్లకు నగలు, బట్టలు అరువిచ్చెడిదనియు, బదులుగా ఒక తెల్లని కోడిపెట్టను మాత్రము కోరెడిదనియు చెప్పుదురు. ఆ దేశభక్తుడు హొసే రిజాల్ 1890లో ఈ కథను వ్రాసెను. చెరువులోని దేవత పెండ్లిండ్లకు వంటపాత్రలు అరువిచ్చెడిదనియు, తిరిగి ఈయని లోభి వలన ఆ ధర్మము ఆగిపోయినదనియు చెప్పు కథలు మన దేశమునను కలవు. పేదయింటి పెండ్లి ఖర్చు ఏ దేశములోనైనను దేవతలు దిగివచ్చి ఆదుకొనవలసినంతటిదే!

మనవైపున నూకాలమ్మ నూకాంబిక అయినది. పైడితల్లి పైడిమాంబ అయినది. మన యిరుగుపొరుగుననే చూడుడు. గురుగ్రామములోని శీతలామాత గుడికి చైత్రమాసములో జనము తండోపతండములుగా పోవుదురు. మశూచి తల్లి ఆమె. ఆమెను ద్రోణాచార్యుని భార్యయైన కృపిగా చెప్పుదురు. పల్లెతల్లికి పురాణములో ఒక గౌరవస్థానము దొరకినది. ఇది తప్పని నేను అనను. పేరు మారినను మొక్కు మారనంతవరకు ఇబ్బంది లేదు. అయితే పేరుతోబాటు పూజారియు మారి, చాకలి పెట్టవలసిన బోనము, మాదిగ వాయించవలసిన డప్పు గుడి బయటికి పోయినచో, అది ఆ అమ్మయేనా యని అడుగవలసివచ్చును.

విజయనగరము సిరిమాను ఉత్సవములో ఆ ప్రమాదము ఇంకను రాలేదు. 1757 బొబ్బిలి యుద్ధములో మడిసిన విజయరామరాజు చెల్లెలే పైడితల్లియని అచ్చటివారి విశ్వాసము. విజయదశమి తరువాతి మంగళవారమున పొడవైన చింతమాను చివర పూజారిని కూర్చుండబెట్టి, గుడికిని కోటకును నడుమ మూడుమార్లు త్రిప్పుదురు. ఆ చింతచెట్టు ఎక్కడ ఉన్నదో అమ్మ పూజారికి కలలో చెప్పునట. మేడారములో ఇంకను దృఢముగా నున్నది. రెండేండ్లకు ఒకసారి మాఘమాసములో చిలకలగుట్టనుండి సమ్మక్కను కోయ పూజారులు కుంకుమభరిణె రూపమున తెత్తురు. కన్నెపల్లినుండి సారలమ్మ వచ్చును. విగ్రహము లేదు, గోపురము లేదు. బెల్లమునే 'బంగారము' అని సమర్పింతురు. కాకతీయ ప్రతాపరుద్రుని సైన్యముతో పోరాడి ఒరిగిన తల్లీబిడ్డల కథ అది. లక్షలకొలది జనము వచ్చు ఆ జాతరలో పూజ ఇప్పటికిని కోయలదే. తంబ్లోత్ ఓడిపోయినచోట సమ్మక్క నిలిచినది. వెంకటగిరి పోలేరమ్మ జాతర మరియొక తీరు. భాద్రపదములో ఒక్క రాత్రిలో మట్టితో అమ్మను చేసి, పుట్టినింటినుండి మెట్టినింటికి సాగనంపి, మరునాటి సాయంకాలమునకు ఆ రూపమును విరూపము చేయుదురు. మొదటిసారి చూచినవారికి మనసు కలుక్కుమనును. అంతటి రూపమును ఒక దినమునకై చేసి చెరిపివేయుటలో, ఆమె బొమ్మలో నివసించునది గాదను ఎరుక ఉన్నది.

మశూచిని తెచ్చునదియు, తగ్గించునదియు పోలేరమ్మయే యని పెద్దలు నమ్మిరి. ఆ పొక్కులను 'ముత్యములు' అనియే గాని రోగమని అనరు. 1975 తరువాత మన దేశమున మశూచి లేదు. 1980లో ప్రపంచమంతటను అది అంతరించినదని ప్రకటించిరి. రోగముతోబాటు దేవతయు పోవునని కొందరు అనుకొనిరి. ఆమె పోలేదు. చదువులు, ఉద్యోగములు, పిల్లల కాన్పులు ఆమె పద్దులో చేరినవి. శ్రావణ మాసాంతమున వచ్చు పోలాల అమావాస్య నాడు కందమొక్కను పెట్టి, పిల్లల క్షేమమునకై మన యిండ్లలో స్త్రీలు చేయు పూజ ఆ పోలేరమ్మదే. ఢిల్లీలో కందను జిమీకంద్ అందురు; దుంప దొరకును గాని మొక్క దొరకుట కష్టము. అందుకై ఐ.ఎన్.ఎ. మార్కెట్టు వరకు పోయి వెదకు తల్లులు ఉన్నారు. వారిని మూఢులని నేను అనజాలను.

మరి ఈ పూజలలో నిందింపదగినది లేదా? ఉన్నది. దేవత పేర బాలికలను జోగినులుగా వదలిన ఆచారము నిండు బ్రదుకులను బలిగొన్నది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము శాసనము చేసి దానిని నిషేధించినది. దేవాలయములవద్ద జంతుబలిని నిషేధించు శాసనము 1950 నాటిదే. జాతరనాడు దళిత స్త్రీని దేవతగా మొక్కి, మరునాడు ఆమెను బావివద్దకు రానీయని ఊళ్లు ఉండెను. దేవతలను స్మరించునప్పుడు ఈ మాటలు దాచుట న్యాయము గాదు. ఫిలిప్పీనులోను పూర్వకాలమున గొప్పవారు చనిపోయినప్పుడు బానిసలను బలియిచ్చుట ఉండెను. పోయినదంతయు బంగారము గాదు.

ఇప్పుడు మన బేర్ సరాయి సంగతి. బేరు అనగా రేగు. సరాయి అనగా సత్రము. మనము నిలిచిన ఈ చోటు చుట్టును ఒకప్పుడు పల్లెలే. మునీర్కా, కట్వారియా సరాయ్, జియా సరాయ్ అను పేర్లు మిగిలినవి. పొలములు పోయినవి, వానిపై విద్యాసంస్థలు, రామకృష్ణపురము క్వార్టర్లు లేచినవి. ఢిల్లీ, హర్యానా పల్లెలలో ఊరు కట్టిన నాడు నిలిపిన 'భూమియా' లేక 'దాదా ఖేడా' అను వేల్పు ఉండును. మన తెలంగాణపు బొడ్రాయివంటివాడు. పొలములు అమ్ముడువోయిన పల్లెలలోను క్రొత్త పెండ్లికొడుకు ఆతనికి మ్రొక్కక ఇల్లు చేరడు. ఈ వీథిలోని పుస్తకముల దుకాణములలో సివిల్ సర్వీసు పరీక్షకు చదువు మన తెలుగు యువకులు ఫిలిప్పీను రాజధాని పేరు తడుముకొనక చెప్పుదురు. మీ ఊరి బొడ్రాయి ఎక్కడ ఉన్నదని అడిగితిని. ఒకడు మాత్రము, "మా నాయనమ్మను అడిగి చెప్పెదనండీ" అనెను. ఆ నాయనమ్మ ఉన్నంతవరకే ఆ సమాధానము.

తెలంగాణ భవనములో ఆషాఢమాసమున బోనాలు జరుగుచున్నవి. హైదరాబాదు లాల్ దర్వాజా సింహవాహిని గుడివారు వచ్చి నడపుదురు. చూడముచ్చటగా నుండును. అయినను అది ఒక్క అమ్మ ఉత్సవము. మనలో శ్రీకాకుళమువారు, చిత్తూరువారు, పాలమూరువారు, గోదావరివారు ఉన్నారు. దేవీపట్నము మండలము గొందూరులోని గండి పోచమ్మ గుడిని గోదావరి ముంచుటయు, పోలవరము నీటిలో చుట్టుప్రక్కల ఊళ్లు ఖాళీయగుటయు మన కండ్లయెదుట జరిగిన సంగతి. శ్రీశైలము జలాశయము నిండునప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి అంకెలు వేసి, విప్పి, అలంపురములో తిరిగి కట్టిరి. అది పురాతత్త్వశాఖవారు చేసిన ఘనకార్యము. వేపచెట్టు క్రింది పసుపురాయికి అంకె వేయు శాఖ ఏదియు లేదు. ఆ రాతికి ఆ పేరు పెట్టినది ఎవరో, ఆమె కథ ఏమో చెప్పగలవారు పునరావాస కాలనీలలో చెదరిపోయిరి. వారి పిల్లలలో కొందరు ఈ ఢిల్లీ నగరములో మనతోనే ఉన్నారు.

కావున కార్యవర్గమువారి అనుమతితో ఒక దస్త్రము తెరచితిమి. మనకు దస్త్రములు తెరచుట క్రొత్తగాదు గదా! ఒక్కొక్క కుటుంబమునకు ఒక్కొక్క పుట. ఊరి పేరు, మండలము. అమ్మవారి పేరు, ఊరివారు పిలుచు పేరు వేరుగా నున్నచో అదియు. గుడి, చెట్టు, రాయి, ఏ రూపములో నున్నది. జాతర ఏ నెలలో, ఏ వారమున. పూజ చేయు కుటుంబము ఏ కులమువారు. కథ చెప్పువారు, వాయించువారు ఉన్నారా, వారి వాద్యమేది. నైవేద్యమేమి, చద్దియా, బోనమా, వేటయా. పేరు మారినచో పాత పేరు తప్పక వ్రాయవలెను. జోగిని ఆచారము ఉండెనేని దానినిగూడ దాపరికము లేక వ్రాయవలెను. తెలియని గడిని ఖాళీగా వదలుడు, ఊహించి నింపవలదు. సెలవులకు ఊరికి పోవునప్పుడు పెద్దలను అడిగి నింపవచ్చును. కథ చెప్పువారు దొరకినచో వారి అనుమతి తీసికొని, వారికి తగిన సంభావన ఇచ్చి, మొబైలు ఫోనులో మొదటినుండి చివరివరకు రికార్డు చేయుడు. తొందరపెట్టవలదు. ఎల్లమ్మ కథకు ఒక రాత్రి చాలదు.

నేటి సాయంకాలము వరకు పదునాలుగు పుటలు నిండినవి. పోలేరమ్మలు నలుగురు, ఎల్లమ్మలు ముగ్గురు, గంగమ్మలు ఇద్దరు. తక్కిన అయిదుగురి పేర్లు ఏ పుస్తకములోను నాకు కనబడలేదు. దస్త్రము ద్వారమువద్ద బల్లమీద ఉన్నది. కలము ప్రక్కనే కట్టియున్నది. ఫలాహారమునకు పోవుటకు పూర్వమే దయచేసి చూడుడు.